రాని వాళ్ళ జాబితా: తిరుపతిలో ఒక చిన్న సంస్థ, ఒక ఇంటర్న్, ఆరు వారాలు

మా బీపీ రిజిస్టర్‌లో వరుసగా మూడు నెలలు క్యాంపుకు రాని మనిషి పేరు పక్కన ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేవాళ్ళం. 2023 ఏప్రిల్ చివరికి అట్లా సున్నా పడిన పేర్లు 58. వీళ్ళంతా మందులు మానేశారని మా లెక్క. నెల నెలా మీటింగులో కూర్చుని "జనానికి అవగాహన లేదు" అనుకోవడం, ఇంకో కరపత్రం అచ్చు వేయించడం, అంతే. ఆ లెక్క ఎంత తప్పో మాకు చూపించింది ఆరు వారాల కోసం వచ్చిన ఒక ఇంటర్న్. ఆ ఆరు వారాల్లో ఏం జరిగిందో, నేను ఎక్కడ పొరపాటు పడ్డానో, తర్వాత ఏం మార్చుకున్నామో రాస్తున్నాను. మా లాంటి చిన్న సంస్థలు నడిపేవాళ్ళకూ, వాటిలో ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళే పిల్లలకూ పనికొస్తుందని నా ఆశ. పేషంట్ల పేర్లు, పల్లెల పేర్లు కావాలనే రాయడం లేదు.

ముందు మా సంగతి రెండు ముక్కల్లో. కొర్లగుంట వైపు రెండు గదుల అద్దె ఇల్లు మా ఆఫీసు. ఫీల్డు పని చూసేది నేను. అంతకు ముందు నర్సుగా చేశాను. నాతో పాటు ఒక హెల్త్ వర్కర్, సగం రోజు వచ్చే అకౌంటెంట్, ఒక డ్రైవరు. శనివారాలు మాత్రం మా కోసం టైమ్ ఇచ్చే డాక్టరు గారు. చంద్రగిరి, పాకాల వైపు నాలుగు పల్లెల్లో నెలకు నాలుగు శనివారాలు, వారానికొక పల్లె చొప్పున బీపీ, షుగరు క్యాంపు పెట్టేవాళ్ళం. తిరుపతికి పెద్దాసుపత్రుల కొరత లేదు. రుయా ఉంది, 1993 నుంచి స్విమ్స్ ఉంది, ఎముకలకు బర్డ్ ఉంది. కడప, నెల్లూరు నుంచి కూడా ఇక్కడికే వస్తారు. కానీ పక్షవాతం వచ్చిన మనిషిని ఆంబులెన్స్‌లో స్విమ్స్‌కు చేర్చడం ఒక పని, అది రాకుండా చూసుకోవడం ఇంకో పని. ఈ రెండో పని పల్లెలో, ఇంటి గూట్లో పెట్టుకున్న మాత్రల దగ్గర జరగాలి. మా సంస్థ ఉన్నది దానికే.

ఇంటర్న్‌లు మాకు కొత్త కాదు. ఏటా ఇద్దరు ముగ్గురు వస్తారు, సోషల్ వర్క్ చదివే పిల్లలు. అప్పటిదాకా వాళ్ళతో మేం చేయించిన పని ఏమిటంటే పోస్టర్లు రాయించడం, క్యాంపులో ఫొటోలు తీయించడం, పాత కాగితాలు కంప్యూటర్‌లో ఎక్కించడం. చివరి రోజు సర్టిఫికెట్, ఒక గ్రూపు ఫొటో. వాళ్ళు వెళ్ళిపోయాక మా దగ్గర మిగిలేది గోడ మీద ఒక చార్టు. పిల్లలు నేర్చుకున్నది తక్కువ, మాకు ఒరిగిందీ తక్కువే. ఈ తప్పు పూర్తిగా మాదే.

ఈసారి వచ్చిన అమ్మాయి పలమనేరు వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మొదటి రోజే ఒక మాట అడిగింది: "అక్కా, పల్లెలకు పోయిరావడానికి బస్సు చార్జీలు నేనే పెట్టుకోవాలా?" నాకు ఆ ప్రశ్న గట్టిగా తగిలింది. అన్నేళ్ళుగా వచ్చిన పిల్లలు చేతి డబ్బులు పెట్టుకుని తిరిగారు, మేం ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ రోజే బస్సు చార్జీలకు, మధ్యాహ్నం భోజనానికి వోచర్ రాయించాం. సంస్థ ఎంత చిన్నదైనా ఈ ఖర్చు పెట్టుకోలేకపోతే ఇంటర్న్‌ని పిలవకూడదని ఇప్పుడు నా అభిప్రాయం. లేకపోతే ఇంట్లో కాస్త డబ్బున్న పిల్లలే ఈ పని నేర్చుకోగలుగుతారు, పల్లె నుంచి వచ్చిన పిల్లలు మిగిలిపోతారు.

ఆఫీసు పని ఆమెకు రెండు రోజులు చూపించాం: వోచర్లు, స్టాకు పుస్తకం, విరాళాలకు ఇచ్చే 80జి (పన్ను మినహాయింపు) రసీదులు. అది చాలు. మూడో రోజు ఎర్ర సున్నాల జాబితా చేతిలో పెట్టి, "ఈ 58 మంది ఎందుకు రావడం లేదో కనుక్కో. ఆరు వారాలూ నీకు ఇదే పని" అన్నాను. ఇంతవరకు నేను చేసింది సరైనదే. తప్పు ఆ తర్వాతి మాటలో ఉంది: "అందరికీ ఫోన్లు చెయ్యి."

నాలుగు రోజులు ఆ పిల్ల ఫోన్లు చేస్తూనే కూర్చుంది. కొన్ని నంబర్లు రీఛార్జి లేక ఆగిపోయాయి. కొన్ని బెంగళూరులో ఉన్న కొడుకువి. "అమ్మ ఊళ్ళో ఉంది, నాకేం తెలుసు" అనేవాళ్ళు. ఒక నంబరు ఎత్తిన కుర్రాడు శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో నైటు డ్యూటీ చేసి నిద్రపోతున్నాడు, విసుక్కుని పెట్టేశాడు. ఇంకో ఇంట్లో కోడలు ఎత్తింది. "మా అత్తకు బీపీ ఉందా? మాకు చెప్పలేదే" అంది. అక్కడ ఇంటర్న్ చటుక్కున ఆగిపోయి ఫోన్ నా చేతికిచ్చింది. ఒక మనిషి జబ్బు సంగతి ఆమె అనుమతి లేకుండా ఇంట్లో వాళ్ళకు చేరిపోయింది. జరిగింది చిన్నదే కావచ్చు, కానీ బీపీ బదులు అది ఇంకే జబ్బయినా అయ్యుంటే? ఆ సాయంత్రమే ఫోన్లు ఆపించాను. ఎవరు ఎత్తారో, ఆ మనిషికి తమ జబ్బు సంగతి చెప్పొచ్చని పేషంటు అన్నారో లేదో తెలియకుండా ఫోన్‌లో జబ్బు పేరు ఎత్తకూడదని రాసి గోడకు అంటించాం.

ఫోన్లు ఆగిన రోజుల్లో ఆమె ఖాళీగా కూర్చోకుండా పాత రిజిస్టర్లు మూడేళ్ళవి ముందేసుకుని చదివింది. నేను చెప్పని పని అది. రెండు సంగతులు బయటపడ్డాయి.

మొదటిది పేర్లు. మా వైపు పల్లెల్లో మునెమ్మ, చెంగమ్మ, మునిరత్నం, సుబ్బమ్మ అనే పేర్లు ఇంటికొకటి ఉంటాయి. మా హెల్త్ వర్కర్ తెలుగులో రాసిన పేరును, తర్వాతి నెల ఇంకొకరు ఇంగ్లీషులో రాశారు. ఒకరు ఇంటిపేరు ముందు పెట్టారు, ఒకరు అసలు పెట్టలేదు. దాంతో ఒకే మనిషి రెండు పేర్లుగా రిజిస్టర్‌లో ఉన్నారు. ఒక పేరు నెల నెలా వస్తోంది, రెండో పేరుకు ఎర్ర సున్నా పడింది. అట్లా అయిదుగురు "రాని వాళ్ళు" కాగితం మీదే పుట్టారు.

రెండోది నెలలు. హాజరు ఎప్పుడు పడిపోతోందో ఆమె నెలల వారీగా గీసి చూపించింది. మేలో తగ్గుతోంది, తిరుపతి గంగమ్మ జాతర, పెళ్ళిళ్ళు. జూన్, జూలైలో ఇంకా తగ్గుతోంది; తోతాపురి మామిడి కోతలు, గుజ్జు ఫ్యాక్టరీల్లో కూలి. మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరు మధ్య బాగా పడిపోతోంది. ఆ మూడో పల్లం ఎందుకో నాకు అందలేదు. ఆమె వేలు పెట్టి చూపించింది: "అక్కా, మన క్యాంపు శనివారం కదా. ఇవి పెరటాసి శనివారాలు." నేను ఈ జిల్లాలోనే పుట్టాను. పెరటాసి అంటే వెంకటేశ్వర స్వామికి ముఖ్యమైన తమిళ నెల. ఆ నెలలో ప్రతి శనివారం మా ఇంట్లోనూ స్వామికి తళిగ (నైవేద్యం) వేస్తారు, పొద్దున్నుంచి ఒక్కపొద్దు ఉంటారు. అయినా నా కళ్ళకు ఆ రిజిస్టర్‌లో శనివారం డాక్టరు గారి ఖాళీ రోజుగానే కనపడింది. జనం స్వామికి ఇచ్చుకున్న రోజున మేం టేబుల్ వేసుకుని కూర్చుని, రాలేదని సున్నాలు చుట్టాం.

రెండో వారం నుంచి ఇళ్ళకు తిరగడం మొదలైంది. ఆమె, మా హెల్త్ వర్కర్ కలిసి పల్లెవెలుగు బస్సులో వెళ్ళేవాళ్ళు. పొద్దున పూట ఎవరూ దొరకలేదు, అందరూ ఉపాధి పనికి వెళ్ళిపోయేవాళ్ళు. దాంతో వాళ్ళు సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళి చీకటి పడేలోపు తిరిగి వచ్చేట్టు మార్చుకున్నారు. మా క్యాంపు టైము పొద్దున పది గంటలు. కూలి వదులుకుని వస్తే తప్ప ఎవరికీ కుదరని టైము అది.

ఇక ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ఇల్లు. ఆ సాయంత్రం నేనూ వాళ్ళతో ఉన్నాను.

అవ్వకు అరవై అయిదు ఉంటాయి. నాలుగు నెలలుగా క్యాంపుకు రాలేదు. అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మేం ఎవరమో చెప్పగానే, "రాలేకపోతినమ్మా, కోపం చేసుకోవద్దండి" అంది. ఇంటర్న్ పక్కనే కూర్చుని, "కోపమెందుకు అవ్వా, మాత్రలు ఏసుకుంటుండావా?" అని అడిగింది.

"ఎందుకేసుకోను పాపా, ఒక్క పూట తప్పలేదు. తెల్ల అట్టది పొద్దున, ఎండి అట్టది రాత్రి."

నేనైతే "మంచిది అవ్వా" అని రాసుకుని లేచేదాన్ని. ఇంటర్న్ లేవలేదు. "ఏదీ, ఒకసారి చూపించవా" అంది. అవ్వ లోపలికి వెళ్ళి గూట్లోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి అరుగు మీద బోర్లించింది. రెండు రకాల స్ట్రిప్పులు. ఒకటి మా క్యాంపులో రాసిన చీటీతో మందుల షాపులో కొనుక్కుంటున్నది. రెండోది ఊళ్ళోకి వచ్చే ప్రభుత్వ మందుల బండి, 104లో ఇచ్చినది. ఇంటర్న్ రెండింటినీ తిప్పి వెనక సన్నగా అచ్చు వేసిన అక్షరాలు వెలుతురుకు పెట్టి చదివింది. రెంటి మీదా ఒకటే ఉంది: ఆమ్లోడిపిన్, 5 మిల్లీగ్రాములు. కంపెనీలు వేరు, అట్టలు వేరు, మందు ఒకటే, బీపీదే. అవ్వ లెక్కలో మాత్రం ఒకటి బీపీకి, ఇంకోటి గుండెకు.

ఆమ్లోడిపిన్ రోజుకు 10 మిల్లీగ్రాముల దాకా డాక్టర్లు అవసరాన్ని బట్టి రాస్తారు, కాబట్టి ఇది విషం తీసుకున్నట్టు కాదు. కానీ అవ్వకు 10 కావాలని ఏ డాక్టరూ అనుకోలేదు. మోతాదు పెరిగే కొద్దీ ఈ మందు వల్ల పాదాలు, చీలమండలు వాచే అవకాశం పెరుగుతుంది. ఇంటర్న్ అవ్వ పాదం మీద బొటనవేలితో మెత్తగా నొక్కి తీసింది. గుంట అట్లాగే నిలిచింది.

"కాళ్ళు ఎప్పటినుంచి వాచినాయి అవ్వా?"

"సంకురాత్రి అయినాక. చెప్పులు పట్టడంలేదు. ఆ రాళ్ళ దోవలో వొట్టి కాళ్ళతో బడికాడికి ఎట్లా వచ్చేది?"

క్యాంపు జరిగేది ఊరి బడిలో. రెండు చోట్ల మందు తీసుకోవడం వల్ల కాళ్ళు వాచాయి, కాళ్ళు వాచినందువల్ల క్యాంపుకు రాలేదు, రానందువల్ల ఆ సంగతి మాకు తెలియలేదు. మా రిజిస్టర్‌లో ఆమె "మందులు మానేసిన మనిషి".

ఇక్కడ ఆ అమ్మాయి చేసిన ఇంకో పని చెప్పాలి. ఒక మాత్ర ఆపెయ్యమని తనంతట తాను చెప్పలేదు. "అవ్వా, రెండూ ఒకటే మందు మాదిరి ఉండాయి, డాక్టరు గారిని అడిగి చెబుతాం" అని మాత్రం అని నావైపు చూసింది. మందు మార్చమనే అధికారం ఇంటర్న్‌కు లేదు, నాకూ లేదు. అక్కడి నుంచే డాక్టరు గారికి ఫోన్ చేశాను. బీపీ చూసి చెప్పమన్నారు, చెప్పాం. 104 వాళ్ళు ఇచ్చిన మాత్ర ఒక్కటే పొద్దున వేసుకోమన్నారు. గుండె, కిడ్నీ బాగాలేకపోయినా కాళ్ళు వాస్తాయి కాబట్టి వాపును పూర్తిగా మాత్ర మీదికే నెట్టవద్దని, రక్తం, మూత్రం పరీక్షలు, ఈసీజీ చేయించమన్నారు. రెండు రోజుల తర్వాత హెల్త్ వర్కర్ అవ్వను రుయాకు తీసుకుపోయింది. పరీక్షల్లో భయపడాల్సింది ఏమీ రాలేదు. మూడు వారాలకు వాపు చాలావరకు దిగిపోయింది.

ఆ సాయంత్రం తర్వాత ప్రతి ఇంట్లో ఒకే మాట: "మీ మాత్రలన్నీ ఒకసారి చూపిస్తారా?" అవ్వ లాగా రెండు చోట్లా తీసుకుంటున్న వాళ్ళు ఇంకా దొరికారు. చాలామంది అసలు మానేయలేదు, 104 బండి దగ్గరికి మారిపోయారు, అంతే. ఇంటి ముందుకే వస్తుంది, డబ్బు పెట్టి కొనే పని లేదు, ఎందుకు మారరు? నిజంగా మానేసిన వాళ్ళూ ఉన్నారు. వాళ్ళు చెప్పిన కారణం దాదాపు ఒకటే: "ఒంట్లో బాగానే ఉండాది కదా." బీపీకి నొప్పి ఉండదు, కాబట్టి తగ్గిందో లేదో ఒంటికి తెలియదు. ఈ మాట మేం కరపత్రాల్లో రాస్తూనే ఉన్నాం. ఒక పెద్దాయనకు ఇంటర్న్ మిషన్ పెట్టి, అంకె ఆయనకే చూపించి, "తాతా, ఈ పక్కది 140 లోపల, ఈ పక్కది 90 లోపల ఉండాల" అని చెప్పి ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. తర్వాతి క్యాంపుకు ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చారు. ఒక్కపొద్దు రోజున మాత్ర వేసుకుంటే ఉపవాసం చెడుతుందని మానేసేవాళ్ళు కూడా ఉన్నారు. బీపీ మాత్రల సంగతి డాక్టరు గారే క్యాంపులో అందరి ముందు చెప్పారు, అవి ఉపవాసం నాడు కూడా మానకూడదని. షుగరు మాత్రల విషయం వేరు, తిండి లేకుండా కొన్ని వేసుకుంటే షుగరు పడిపోతుంది. అందుకని వాళ్ళను ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడారు.

అన్ని ఇళ్ళూ అవ్వ ఇంటి లాంటివి కావు. జాబితాలో ఒక మగమనిషి, యాభై దాటాయి. ఇంటికి వెళ్ళేసరికి మంచం మీద ఉన్నాడు. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట సరిగా రావడం లేదు. మాత్రలు అయిపోయాక మళ్ళీ తెచ్చుకోలేదట. ఆయన భార్య మమ్మల్ని తిట్టలేదు. "ఒక్క మనిషి వచ్చి అడిగుంటే ఏసుకునేవాడు" అని మాత్రం అంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇంటర్న్ ఒక్క మాట మాట్లాడలేదట. మర్నాడు ఆఫీసుకు వచ్చి, "అక్కా, ఆయన పేరు పక్కన సున్నా పడినప్పటికి ఆయన బాగానే ఉన్నారు" అంది. తేదీలు చూశాను. నిజమే. సున్నా చుట్టిన తర్వాత అయిదు వారాలకు పక్షవాతం వచ్చింది. ఆ అయిదు వారాల్లో మేం ఎవరమూ ఆ గడప తొక్కలేదు. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, కానీ రాయకపోతే ఈ కేసు రాసి ప్రయోజనం లేదు.

క్యాంపులో బీపీ చూసే తీరు మీద కూడా ఆమె ఒక సంగతి పట్టుకుంది. ఎండలో నడిచి వచ్చిన మనిషిని వచ్చినట్టే స్టూలు మీద కూర్చోబెట్టి, రవిక చేతి మీదే పట్టీ చుట్టి, మాటలు చెబుతూ మిషన్ నొక్కేసేవాళ్ళం. నర్సుగా చేసిన నాకు ఇది తప్పని తెలుసు. జనం ఎక్కువై, టెన్షన్‌లో అలవాటైపోయింది. ఇప్పుడు వరండాలో అయిదు కుర్చీలు వేశాం. అయిదు నిమిషాలు కూర్చున్నాకే లోపలికి. వీపు ఆనించి, కాళ్ళు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా రెండుసార్లు చూస్తాం. మొదటిసారి 160 దాటిన కొందరు, రెండోసారికి 150 లోపలికి రావడం నేనే చూశాను.

అయిదో వారం ఆశా అక్కల దగ్గర కూర్చున్నాం. పేషంట్లను ముందే అడిగి, సరే అన్న వాళ్ళ పేర్లు మాత్రం వాళ్ళ జాబితాతో కలిపి చూసుకున్నాం. 104లో మందులు బాగా అందుతున్న చోట మేం మళ్ళీ చీటీలు రాయడం అనవసరమని అప్పుడే అర్థమైంది. ఆ ఇళ్ళకు మేం చేయాల్సింది మాత్ర వేసుకుంటున్నారా, బీపీ అదుపులో ఉందా, అవస్థ ఏమన్నా ఉందా అని కనుక్కోవడం. ఈ మాట మా ట్రస్టీల ముందు పెడితే ఒకరికి బెంగ పట్టుకుంది. మందులు రాసిన వాళ్ళ సంఖ్య తగ్గితే, విరాళం ఇచ్చేవాళ్ళకు పంపే రిపోర్టులో అంకె తగ్గుతుంది. ఆ బెంగ అర్థం లేనిది కాదు, ఆ డబ్బుతోనే మా జీతాలు నడుస్తాయి. రెండు మీటింగులు దాని మీదే గడిచాయి. చివరికి తగ్గిన అంకెనే రాశాం, ఎందుకు తగ్గిందో ఒక పేజీ రాసి జత చేశాం. విరాళం ఆగలేదు. ఆగినా అదే రాసేవాళ్ళమని చెప్పగలను.

క్యాంపులు రెండు పల్లెల్లో గురువారం సాయంత్రం అయిదుకు మార్చాం. డాక్టరు గారు తన క్లినిక్ టైము సర్దుకున్నారు. మిగతా రెండు పల్లెల్లో ఆయనకు కుదరక శనివారమే సాగుతోంది, పెరటాసి నెలలో మాత్రం అక్కడ ఆదివారం పెడుతున్నాం. చీటీ మీద "మాత్రల కవరు వెంట తెండి" అని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాం. రిజిస్టర్‌లో ఒక గడి పెరిగింది: మందు ఎక్కడి నుంచి? ఎర్ర సున్నా మూడు నెలలకు చుట్టడం మానేశాం. ఒక్క నెల రాకపోతే ఆ వారంలోనే ఇంటికి వెళ్ళాలి.

చివరి వారం ఆమెతో నేను పట్టుబట్టి చేయించింది ఒక నోటుబుక్కు. అంతకు ముందు ఇంటర్న్‌లు నేర్చుకున్నది వాళ్ళతోనే వెళ్ళిపోయేది. ఈసారి పల్లెకు కొన్ని పేజీలు, మనిషికి ఒక పేజీ, అంతా తెలుగులో. పేరు, ఇంటిపేరు, భర్త పేరో తండ్రి పేరో, ఊళ్ళో పిలిచే పేరు, ఇంటి గుర్తు: "రాములవారి గుడి ఎనక సందు, నీలం తలుపు", "వేపచెట్టు కింద ట్యాంకు ఎదురిల్లు". ఎన్ని గంటలకు ఇంట్లో ఉంటారు, ఎవరి ముందు జబ్బు మాట ఎత్తవచ్చు, ఎవరి ముందు ఎత్తకూడదు. ఆమె కాలేజీకి ఇచ్చిన రిపోర్టు ఇరవై పేజీలు, దాని కాపీ మా బీరువాలో ఉంది. ఈ నోటుబుక్కు మాత్రం హెల్త్ వర్కర్ సంచిలో తిరుగుతూ ఉంటుంది, అట్ట రెండుసార్లు ఊడితే మళ్ళీ అంటించుకున్నాం.

58 పేర్లలో ఏడుగురు ఆరు వారాల్లో దొరకలేదు. ఇళ్ళకు తాళం, పక్కింటివాళ్ళకు సరిగా తెలియదు. వాళ్ళ కోసం నోటుబుక్కు చివర ఏడు పేజీలు ఖాళీగా వదిలి, పైన పేరు మాత్రం రాసింది. తర్వాతి బ్యాచ్ నుంచి ఒక అబ్బాయి డిసెంబరులో వచ్చాడు. మొదటి రోజు ఆ ఏడు పేజీలే తెరిచి చేతికిచ్చాను. సాయంత్రం నాలుగు బస్సుకు వెళ్ళి, చెరువుకట్ట అవతలి ఇంటి దగ్గర తాళం తీసి ఉందని ఫోన్ చేశాడు.